పాఠం మీద తేదీ చూడండి

మనం ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అంటాం. తిరుగుతున్నది తలా, కళ్ళా, చుట్టూ ఉన్న ఇల్లా అని ఆ బాధలో ఎవరూ తేల్చుకోరు. అయినా ఆ తెలుగు మాటలో వైద్యానికి పనికొచ్చే నిజం ఒకటి ఉంది. గంటల తరబడి ఆగకుండా కళ్ళు తిరుగుతూ, వాంతులవుతూ, గోడ పట్టుకున్నా నిలబడలేని మనిషి ఆస్పత్రికి వస్తే డాక్టరు ముందుగా చూడాల్సింది ఆ కళ్ళనే.

ఇలాంటి బాధకు ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, లోపలి చెవి నుంచి మెదడుకు వెళ్ళే నరం వాయడం. అది మనిషిని మంచాన పడేస్తుంది గానీ ప్రాణం తీయదు, కొన్నాళ్ళకు సర్దుకుంటుంది. రెండోది, మెదడు వెనకభాగానికి వెళ్ళే రక్తనాళం పూడుకుపోవడం, అంటే పక్షవాతమే. చెయ్యీ కాలూ పడిపోకుండా, మూతి వంకర పోకుండా, ఒట్టి కళ్ళు తిరగడంగా వచ్చే పక్షవాతం. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. తొలి గంటల్లో తీసిన సీటీ స్కాన్‌లో ఈ రకం పక్షవాతం చాలాసార్లు కనబడదు. 2009లో అమెరికా వైద్యులు పక్షవాతం ముప్పు ఎక్కువగా ఉన్న 101 మంది రోగుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. మంచం పక్కన నిలబడి కళ్ళకు చేసే మూడు చిన్న పరీక్షలు కలిపి చూస్తే, అందులో పక్షవాతం ఒక్కటి కూడా తప్పిపోలేదు. మొదట తీసిన ఎం.ఆర్.ఐ. మాత్రం 12 శాతం మందిలో జబ్బును చూపించలేకపోయింది.

ఆ మూడింటిలో మొదటిది ఇలా ఉంటుంది. రోగిని తన ముక్కు మీద చూపు నిలపమని డాక్టరు చెబుతారు. రెండు చేతులతో రోగి తల పట్టుకుని చటుక్కున ఒక పక్కకు కొద్దిగా తిప్పుతారు. చెవి నరం దెబ్బతిని ఉంటే కళ్ళు తలతోపాటు పక్కకు జారిపోయి, మరుక్షణం గెంతినట్టుగా ముక్కు మీదికి తిరిగొస్తాయి. జారకుండా నిలబడితే బాగున్నట్టే కదా అనుకుంటాం. కానీ కళ్ళు తిరగడం ఆగని మనిషిలో చూపు అలా స్థిరంగా నిలిస్తేనే భయపడాలి. చెవి నరం బాగానే పనిచేస్తోందంటే తప్పు మెదడులో ఉందన్నమాట. రెండో పరీక్షలో, కుడికి చూస్తే కుడివైపుకు, ఎడమకు చూస్తే ఎడమవైపుకు కనుగుడ్లు కొట్టుకుంటున్నాయేమో చూస్తారు. మూడో పరీక్షలో ఒక్కో కన్నూ మార్చి మార్చి మూస్తూ, తెరిచిన కన్ను పైకో కిందికో సర్దుకుంటోందేమో గమనిస్తారు.

ఇదంతా ఇక్కడ చదివి ఎవరూ ఆ పరీక్ష చేయలేరు. చదివితే డాక్టర్లకైనా రాదు. కన్ను గెంతి తిరిగొచ్చేది రెప్పపాటులో సగం సేపు. దాన్ని పుస్తకం ఒక పేజీలో వర్ణించవచ్చు. అదే పది సెకన్ల వీడియోలో ఒకసారి మామూలుగా, ఒకసారి నెమ్మదిగా, మరోసారి ఆపి చూపిస్తే జన్మలో మరిచిపోలేరు. నరాల వైద్యంలో రికార్డు చేసిన పాఠాల విలువ ఇక్కడుంది. వాటి పరిమితి కూడా ఇక్కడే ఉంది, దాని గురించి కాస్త తర్వాత చెబుతాను.

పట్టా చేతికొచ్చాక కూడా డాక్టరు చదువుతూనే ఉండాలన్నది నియమం. వైద్యులు దీన్ని పొట్టిగా సీఎంఈ అంటారు, నిరంతర వైద్య విద్య. మన దేశంలో 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రతి ఐదేళ్ళలో కనీసం 30 గంటలు ఇలాంటి కార్యక్రమాలకు హాజరు కావాలంటుంది. ఏడాదికి ఆరు గంటలు లెక్క. ఒక ఆదివారం పట్నంలో ఏ హోటల్ హాల్లోనో కూర్చుంటే ఆ ఏడాదికి సరిపోతుంది. పగలంతా ఓపీ, రాత్రి కేసులతో సతమతమయ్యే చిన్న ఊరి డాక్టరుకు ఆ ఒక్క ఆదివారం దొరకడమే గగనం. దొరికినా, మధ్యాహ్నం భోజనం తర్వాత నాలుగో ఉపన్యాసంలో ఎంత బుర్రకెక్కుతుందో హాజరైన వాళ్ళకే తెలుసు.

అనుభవం పెరిగేకొద్దీ వైద్యం మెరుగవుతుందని మనమంతా నమ్ముతాం. చేతి నేర్పుకు, ధైర్యానికి, మనిషిని చదవడానికి అది నిజమే. కానీ 2005లో హార్వర్డ్ పరిశోధకులు అప్పటిదాకా ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నీ పోగుచేసి చూస్తే, వాటిలో సగానికి పైగా వేరే మాట చెప్పాయి. ప్రాక్టీసు ఏళ్ళు పెరిగేకొద్దీ కొత్త జ్ఞానం ప్రకారం వైద్యం చేయడం తగ్గుతూ వచ్చింది. దీన్ని సోమరితనం అనుకోకూడదు. మనిషి ఏ ఏడు కాలేజీ వదిలితే ఆ ఏటి జ్ఞానమే స్థిరపడిపోతుంది, బయట మాత్రం శాస్త్రం కదిలిపోతూ ఉంటుంది.

నరాల వైద్యంలో ఆ కదలిక మరీ వేగం. ఒక్క ఉదాహరణ తీసుకుందాం. చక్కగా చదువుకుంటున్న అమ్మాయి ఉన్నట్టుండి అర్థంలేని మాటలు మాట్లాడుతుంది, నిద్రపోదు, ఎవరో వెంటపడుతున్నారని భయపడుతుంది. కొన్నాళ్ళకు ఫిట్స్ వస్తాయి, నోరూ నాలుకా వాటంతటవే వింతగా కదులుతుంటాయి, మాట పోతుంది. ఊళ్ళో గాలి సోకిందంటారు. ఆస్పత్రిలో మతి చెడిందంటారు. ఇది మెదడులోని ఒక గ్రాహకం మీద శరీరం తన సొంత ప్రతిరక్షకాలతోనే దాడి చేయడం వల్ల వచ్చే మెదడువాపు అని 2007లో జోసెప్ దల్మావ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు తేల్చారు. కొందరు అమ్మాయిల్లో అండాశయంలో ఉన్న చిన్న గడ్డ దీనికి మూలం. గడ్డ తీసి, రోగనిరోధక వ్యవస్థను అదుపుచేసే మందులు వేళకు ఇస్తే ఎక్కువమంది కోలుకుంటారు. 2007కు ముందు కాలేజీ వదిలిన డాక్టరుకు ఈ జబ్బు పేరు కూడా పాఠంలో లేదు. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట విని, చూసి ఉండాలి. ముఖ్యంగా చూసి ఉండాలి, ఎందుకంటే ఆ నోటి కదలికలను ఒకసారి వీడియోలో చూసిన డాక్టరు వార్డులో వాటిని ఇట్టే గుర్తుపడతారు.

ఇలాంటివే మరికొన్ని. ఫిట్ ఆగకుండా 30 నిమిషాలు సాగితేనే ప్రాణాపాయ స్థితి అని పాత పుస్తకాలు నేర్పాయి. ఇప్పుడు ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్ 5 నిమిషాలు దాటితే అత్యవసరంగా మందు మొదలుపెట్టాలి. అంతర్జాతీయ మూర్ఛవ్యాధి సంఘం 2015లో ఆ గీతను స్పష్టంగా గీసింది. అలాగే వాల్ప్రోయేట్ అనే మందు మూర్ఛకు బాగా పనిచేస్తుంది, మన మందుల షాపుల్లో విరివిగా దొరుకుతుంది. గర్భంతో ఉన్న తల్లి వాడితే నూటికి సుమారు పదిమంది బిడ్డల్లో అవయవ లోపాలు వస్తాయని, బిడ్డ తెలివితేటల మీద కూడా దెబ్బపడుతుందని ఇప్పుడు తెలుసు. పెళ్ళీడు ఆడపిల్లకు ఆ చీటీ రాసే ముందు డాక్టరు ఒక్క క్షణం ఆగాలి. ఆ క్షణం ఆగడం అన్నది ఎవరో నేర్పితేనే వస్తుంది.

రికార్డు పాఠాల కోర్సు అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. తలనొప్పి, మూర్ఛ, పక్షవాతం, పార్కిన్సన్స్, నరాల బలహీనత, మతిమరుపు ఇలా ఒక్కో అంశానికి ఒక్కో నిపుణులు చెప్పిన ఉపన్యాసాలను వరసగా రికార్డు చేసి పెడతారు. ముందూ వెనకా ప్రశ్నలుంటాయి. చివరి పరీక్షలో నెగ్గితే ఇన్ని గంటలని సర్టిఫికెట్టు ఇస్తారు. అమెరికాలో 1950లలోనే డాక్టర్ల కోసం ఉపన్యాసాలు టేపుల మీదికెక్కాయి. తర్వాత క్యాసెట్లు, సీడీలు వచ్చాయి, ఇప్పుడు అంతా ఫోనులోకి చేరింది.

అసలు నరాల వైద్యానికి రికార్డు పాఠం కొత్తేమీ కాదు. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో 1880లలో ఝాఁ మార్టిన్ షార్కో చెప్పిన మంగళవారం పాఠాలను శిష్యులు మాట మాటా రాసుకుని అచ్చువేశారు. షార్కో శుక్రవారం పాఠాలు ముందుగా సిద్ధం చేసుకుని చెప్పేవి. మంగళవారం అలా కాదు. బయటి నుంచి వచ్చిన రోగిని అందరి ముందూ అప్పటికప్పుడు పరీక్షిస్తూ, తన ఆలోచనను పైకి చెబుతూ పోయేవాడు. ఇవాళ రికార్డు కోర్సు ఎంచుకునే డాక్టర్లకు నేనిచ్చే మొదటి సలహా కూడా అదే. శుక్రవారం పాఠం కాదు, మంగళవారం పాఠం వెతకండి. స్లైడు మీద ఉన్నది చదివి వినిపించే ఉపన్యాసం కన్నా, రోగి నడకను చూపించి, ‘ఇక్కడ నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే’ అని ప్రొఫెసరు నోరు విప్పి ఆలోచించే అరగంట ఎంతో మేలు.

ఎందుకంటే నరాల జబ్బుల్లో చాలావాటిని కంటితోనే పట్టుకోవాలి. చెయ్యి వణుకుతోందని ఇద్దరు వస్తారు. ఒకాయన చెయ్యి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నప్పుడు వణుకుతుంది, కాఫీ గ్లాసు ఎత్తితే తగ్గుతుంది. ఇంకొకాయన చెయ్యి ఊరికే ఉన్నప్పుడు నిమ్మళంగా ఉంటుంది, గ్లాసు ఎత్తగానే వణికి కాఫీ ఒలుకుతుంది. మొదటిది పార్కిన్సన్స్ దారి. రెండోది తరచుగా వంశంలో వచ్చే వణుకు. మందులు వేరు, భవిష్యత్తు వేరు. ఈ తేడాను పక్కపక్కన రెండు వీడియోలు పెట్టి చూపిస్తే ఆయుర్వేద వైద్యుడికైనా, నర్సుకైనా, ఇంట్లోవాళ్ళకైనా అర్థమవుతుంది. తరగతిలో అలాంటి ఇద్దరు రోగులు ఒకే రోజు ఒకే గంటలో దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. రికార్డులో ఆ ఇద్దరూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు, ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోరు.

వేగం సంగతి కూడా చాలామంది అడుగుతారు. ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు వేగంతో వింటే బుర్రకెక్కుతుందా అని. 2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు విద్యార్థుల మీద చూస్తే రెండు రెట్ల వేగం దాకా అర్థం చేసుకోవడంలో పెద్ద తేడా రాలేదు. మాటల పాఠానికి అది సరే. రోగి వీడియో వచ్చినప్పుడు మాత్రం మామూలు వేగానికి రావాలి. పార్కిన్సన్స్ రోగి నడకలోని నిదానమే అక్కడ పాఠం, దాన్ని వేగంగా తిప్పి చూస్తే పాఠం పోతుంది.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలనుకున్న సంగతి. మందు సీసా మీద గడువు తేదీ చూడకుండా ఎవరూ వాడరు. పాఠం మీద మాత్రం ఎవరూ చూడరు.

పక్షవాతం కథ వినండి. మెదడుకు వెళ్ళే పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే, తొడలోంచి సన్నని గొట్టం పంపి దాన్ని బయటికి లాగేసే పద్ధతి ఒకటుంది. 2013లో మూడు పెద్ద అధ్యయనాలు ఒకేసారి వచ్చాయి. గొట్టం వైద్యం చేసినవారికి, చేయనివారికి తేడా లేదని మూడూ తేల్చాయి. 2014లో కోర్సు రికార్డు చేసిన ఏ నిజాయతీ గల ప్రొఫెసరైనా ‘ఇది రుజువు కాలేదు, రోగిని అనవసరంగా పంపకండి’ అనే చెప్పి ఉంటారు. ఆ మాటలో తప్పులేదు, ఆ రోజుకు అదే సత్యం. 2015 జనవరిలో నెదర్లాండ్స్ నుంచి 500 మంది రోగుల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. మెరుగైన పరికరాలతో, పెద్ద నాళం పూడిందని స్కాన్‌లో ముందే నిర్ధారించుకుని చేస్తే గొట్టం వైద్యం మనుషులను మళ్ళీ తమ కాళ్ళ మీద నిలబెడుతోందని తేలింది. అదే ఏడాది మరో నాలుగు అధ్యయనాలు అవునన్నాయి. 2018కి వచ్చేసరికి, స్కాన్ చూసి జాగ్రత్తగా ఎంచుకున్న రోగులకు 24 గంటల లోపు చేసినా మేలు జరుగుతుందని రుజువైంది. అంతకుముందు ఆరు గంటలతో తలుపు మూసుకునేది.

ఇప్పుడు ఆ 2014 నాటి రికార్డు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. పెన్‌డ్రైవ్‌లో, హాస్టల్ గదుల్లో, చేతులు మారుతున్న ఫోల్డర్లలో అలాగే ఉంది. ప్రొఫెసరు గొంతు ఇప్పటికీ అంతే నమ్మకంగా పలుకుతోంది. దాన్ని ఇవాళ చూసిన జూనియర్ డాక్టరు, రాత్రి తొమ్మిదింటికి పడుకుని పొద్దున ఆరింటికి చెయ్యి పడిపోయి లేచిన పెద్దాయన వస్తే, ‘వేళ మించిపోయింది’ అంటారు. పెద్ద నాళం పూడిన పక్షవాతంలో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని లెక్క. ఆ ఇంటివాళ్ళకు ఆ ఒక్క మాటతో ఏమి పోయిందో ఎప్పటికీ తెలియదు.

మతిమరుపు మందుల్లో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. అల్జైమర్స్‌కు అడుకానుమాబ్ అనే మందుకు అమెరికా 2021 జూన్‌లో అనుమతి ఇచ్చింది, పెద్ద వివాదం మధ్య. 2024 జనవరిలో తయారీ కంపెనీయే దాన్ని వదిలేస్తున్నట్టు ప్రకటించింది. ఆ నడుమ రెండున్నరేళ్ళలో రికార్డయిన పాఠాలు ఆ మందు గురించి గంటల తరబడి మాట్లాడి ఉంటాయి.

అన్ని పాఠాలూ ఒకే వేగంతో పాతబడవు. మోకాలి కింద సుత్తితో కొట్టి చూడడం, పాదం అడుగున గీసి బొటనవేలు ఎటు లేస్తుందో చూడడం, నడక చూసి జబ్బు చోటు చెప్పడం, ఇవి ఇరవై ఏళ్ళ నాటి రికార్డైనా బంగారమే. పాత మాస్టార్లు ఇవి మరింత బాగా చెప్పేవారు కూడా. మందు మోతాదులు, గంటల గడువులు, ఎవరికి ఏ ఆపరేషన్ అన్న సంగతులు మాత్రం రెండు మూడేళ్ళు దాటితే అనుమానించాలి. పరీక్షించే పద్ధతి పాతది చూడవచ్చు, చికిత్స మాత్రం కొత్తదే చూడాలి. ప్రతి వీడియో మొదటి తెర మీద రికార్డు చేసిన నెల, సంవత్సరం పెద్ద అక్షరాలతో వేయడం కోర్సులమ్మే సంస్థలకు నిమిషం పని. చాలాచోట్ల ఇది కనిపించదు. దీన్ని నియమంగా పెట్టాలని గట్టిగా అడగవలసింది డాక్టర్లే.

తేదీ తర్వాత చూడాల్సింది ఊరు. పాఠం ఎక్కడి రోగుల మీద తయారైంది? అమెరికా కోర్సుల్లో మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు పూటలు కేటాయిస్తారు, అక్కడ ఆ జబ్బు ఎక్కువ కాబట్టి. పురుగుల మందు తాగిన రైతు గురించి అందులో ఒక్క స్లైడు ఉంటే గొప్ప. మన ఆస్పత్రుల్లో అలాంటి రోగి లేని వారం ఉండదు. మొదటి రోజు అట్రోపిన్ అనే విరుగుడు ఇచ్చి, చొంగ తగ్గి, మనిషి తెప్పరిల్లాడని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఒకటి నుంచి నాలుగు రోజుల నడుమ ఆ మనిషి దిండు మీంచి తల ఎత్తలేకపోతాడు. మెడ కండరాల బలం పోతోందన్నమాట. కాసేపటికి ఊపిరి కండరాలూ అదే దారి పడతాయి. ఈ దశను 1987లో శ్రీలంక వైద్యులు పదిమంది రోగుల్లో గమనించి లోకానికి చెప్పారు. పూటకోసారి ‘తల ఎత్తు బాబూ’ అని అడిగి చూసే నర్సు ఉంటే వెంటిలేటర్ దాకా తీసుకెళ్ళే వ్యవధి దొరుకుతుంది. ఈ పాఠం మనం మన వార్డుల్లోనే రికార్డు చేసుకోవాలి.

కట్లపాము సంగతీ అంతే. నేల మీద పడుకున్నవాళ్ళను రాత్రి కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కనబడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం. పాము మాట ఎవరూ ఎత్తరు కాబట్టి పక్షవాతమనో మరో నరాల జబ్బనో పొరబడే ప్రమాదం ఉంది. ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు పెరిగి వెన్నుపాము నలిగిపోయే జబ్బు నల్లగొండవాళ్ళకు చెప్పనక్కర్లేదు. 1937లో మన దేశంలో ఆ జబ్బును మొదట వివరంగా నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. ఏ విదేశీ కోర్సులోనూ అది ఒక అధ్యాయంగా ఉండదు.

మన అనుభవం ప్రపంచానికి పాఠమైన సందర్భమూ ఉంది. ఫిట్ వచ్చినవాళ్ళకు సీటీ తీస్తే మెదడులో ఒక చిన్న మచ్చ కనబడడం మన దగ్గర మామూలు. 1980లలో దాన్ని క్షయ గడ్డగా భావించి నెలల తరబడి టీబీ మందులు వాడేవారు. వెల్లూరు సీఎంసీ వైద్యులు అలాంటి మచ్చలను తీసి పరీక్షిస్తే, ఎక్కువభాగం బద్దెపురుగు పిల్లదశ అని తేలింది. చాలామందికి ఆ మచ్చ దానంతటదే కరిగిపోతుంది. పాశ్చాత్య పుస్తకం చూసి ఆ మచ్చను చదివితే ఈ సంగతి తట్టదు.

ఇక పైన వాయిదా వేసిన మాట. వీడియో చూస్తే వచ్చేస్తుందా? రాదు. కళ్ళ పరీక్షలనే తీసుకోండి. 2009 నాటి ఫలితాలు నరాల-కళ్ళ జబ్బుల్లో చేయి తిరిగినవాళ్ళు సాధించినవి. తగిన తర్ఫీదు లేకుండా అత్యవసర విభాగాల్లో అవే పరీక్షలు చేసినప్పుడు అంత కచ్చితంగా రాలేదని తర్వాతి సమీక్షలు చెప్పాయి. కన్ను నేర్చుకున్నది చేతికి రావాలంటే పదిమంది తలలు తిప్పి చూడాలి, పక్కన తప్పు దిద్దేవాళ్ళుండాలి.

ఉపన్యాసం ఎంత బాగుంటే అంత మోసపోయే ప్రమాదం కూడా ఉంది. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్రం తరగతుల్లో చూశారు. చక్కని ఉపన్యాసం విన్న విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. తంటాలు పడి లెక్కలు తామే చేసినవాళ్ళు తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్ష పెడితే తిరగబడింది, తంటాలు పడినవాళ్ళకే ఎక్కువ వచ్చింది. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మరోటి చూపించారు. ఒకే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకన్నా, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్ళకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. డాక్టర్ల మీదే చేసిన 1999 నాటి సమీక్ష మరీ సూటిగా చెప్పింది. ఊరికే కూర్చుని విన్న ఉపన్యాసం డాక్టరు వైద్యం చేసే తీరును మార్చదు. నోరు విప్పి, చేతితో చేసి నేర్చుకుంటే మారుతుంది.

కాబట్టి రికార్డు పాఠంలో అన్నిటికన్నా విలువైన మీట ఆపే మీట. తెర మీద రోగి నడిచాడు. ప్రొఫెసరు జవాబు చెప్పకముందే ఆపాలి. జబ్బు ఎక్కడ ఉంది, వెన్నులోనా, నరంలోనా, కండరంలోనా అని కాగితం మీద రాసుకోవాలి. తర్వాత వినాలి. తప్పు రాసినవే బాగా గుర్తుంటాయి. వారం ఆగి అదే ప్రశ్న తనకు తానే వేసుకోవాలి. ఆ వారం ఓపీకి వచ్చిన రోగుల్లో కనీసం ముగ్గురి మీద కొత్తగా నేర్చుకున్నది పెట్టి చూడాలి. ఇంకా మంచిది, ఒక ఊళ్ళో ఉన్న నలుగురు డాక్టర్లు నెలకో రాత్రి కలిసి ఒకే పాఠం చూసి వాదించుకోవడం.

వాదించడానికి పెద్ద డాక్టరు కూడా ఉంటే మరీ మేలు. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా అనే వైద్యుడు ‘ఎకో’ అనే పద్ధతి మొదలుపెట్టారు. మారుమూల డాక్టర్లు వారానికోసారి తెర మీద పెద్ద ఆస్పత్రి నిపుణులకు తమ రోగి సంగతి చెబుతారు, అందరూ కలిసి చర్చిస్తారు. కాలేయ జబ్బుతో మొదలైన ఆ పద్ధతిని బెంగళూరు నిమ్హాన్స్ 2014 నుంచి మన దేశంలో మనోవైద్యానికి వాడుతోంది. నా ఉద్దేశంలో నరాల వైద్యానికి సరైన జోడు ఇదే. పాఠం రికార్డులో ఇంటి దగ్గర చూడాలి, ప్రత్యక్ష గంటను మాత్రం మన రోగి మీద మాట్లాడుకోవడానికి వాడాలి. ఉపన్యాసం వినడానికి అందరినీ ఒకచోట పోగేయడం ఇక అనవసరం.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఉచితంగా దొరికే పాఠం వెనక మందుల కంపెనీ ఉందేమో చూడాలి. ఉంటే పాఠం చెడ్డదని కాదు, ఆ కంపెనీ మందు గురించి చెప్పిన భాగాన్ని మరోచోట సరిచూసుకోవాలి. అంతే.

ఇదంతా డాక్టర్ల గొడవ, మాకెందుకు అని పాఠకులు అనుకోవచ్చు. మీరు కూడా ఒక రికార్డు తయారు చేయగలరు కాబట్టి. మూర్ఛ రోగి డాక్టరు ముందు కూర్చునే వేళకు ఫిట్ అయిపోయి ఉంటుంది. ‘కొట్టుకున్నాడండీ, నురగ వచ్చిందండీ’ అన్న మాటల మీదే వైద్యం నడుస్తుంది. మీ ఫోనులో తీసిన అర నిమిషం వీడియో ఆ మాటలన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. ఇంటివాళ్ళు ఫోనులో తీసిన వీడియోలు నిపుణులకు జబ్బు తేల్చుకోవడానికి బాగా సాయపడ్డాయని 2020లో అమెరికా అధ్యయనం ఒకటి చూపింది. ఫిట్‌లో కళ్ళు తెరుచుకుని ఉన్నాయా, గట్టిగా మూసుకుని ఉన్నాయా అన్న ఒక్క సంగతే, అది మూర్ఛా, మానసిక ఒత్తిడితో వచ్చినదా అన్న తేడాను పట్టివ్వవచ్చు.

ఇంట్లో ఎవరికైనా ఫిట్ వస్తే ముందు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళంచెవులు పెట్టినందువల్ల ఫిట్ ఆగదు. ఒకరు రోగి దగ్గర ఉంటే, ఇంకొకరు ముఖమూ రెండు చేతులూ రెండు కాళ్ళూ కనిపించేలా వీడియో తీయండి. మొదలైన వేళ గడియారంలో చూసుకోండి. 5 నిమిషాలు దాటితే వీడియో ఆపి 108కి ఫోను చేయండి. చెయ్యి, మాట పడిపోయినా, ఆగకుండా కళ్ళు తిరిగినా అంతే, మనిషి చివరగా బాగున్న వేళ ఎంతో కాగితం మీద రాసుకుని వెళ్ళండి. డాక్టరు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అదే.